ఆర్‌టీఎక్స్ 3060 12జీబీనా, 4060 8జీబీనా? పెళ్లి వీడియోల ఎడిటింగ్ టేబుల్ మీద రెండు కార్డులు

2024లో మూఢం, ఆ వెంటనే ఆషాఢం కలిసొచ్చి నెలల తరబడి ముహూర్తాలే లేవు. శ్రావణం రాగానే పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఖమ్మంలో మాది చిన్న ఫొటో స్టూడియో. మా ఆయన, ఇద్దరు కుర్రాళ్లు కెమెరాలు చూసుకుంటారు. ఎడిటింగ్ అంతా నాది. ఆ రద్దీ మొదలయ్యేలోపే మా మెయిన్ సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చాలని గట్టిగా అనుకున్నాం.

అప్పటిదాకా ఉన్నది 2017లో కొన్న జీటీఎక్స్ 1060, 6జీబీ. 2022లో ప్రాసెసర్, బోర్డు మార్చి ఐ5-12400 పెట్టించినప్పుడు కూడా కార్డు జోలికి వెళ్లలేదు. క్రిప్టో మైనింగ్ వల్ల కార్డుల ధరలు ఆకాశాన్నంటి, అప్పటికింకా పూర్తిగా దిగిరాలేదు. ఏడేళ్లు ఆ కార్డు మాకు అన్నం పెట్టింది. కానీ తెల్లవారుజాము నాలుగున్నర ముహూర్తాల వీడియో తీసుకుని, డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ (తక్కువ వెలుతురులో బొమ్మ మీద వచ్చే చుక్కలు) తీయడం మొదలుపెడితే చాలు, జీపీయూ (అంటే గ్రాఫిక్స్ కార్డు) మెమరీ నిండిపోయిందనే మెసేజ్ వచ్చి నిలబడేది. ప్రతి షాట్‌నీ విడిగా రెండర్ చేసి మళ్లీ టైమ్‌లైన్‌లో అతికించుకోవాలి. ఒక పెళ్లికి రెండు రోజులు దానికే పోయేవి.

చివరికి రెండు పేర్లు మిగిలాయి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ, 2023 జూన్‌లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 8జీబీ. ధరలో పెద్ద తేడా లేదు. మా అన్నయ్య కొడుకు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. వాడు అప్పటికే గేమ్స్ కోసం 4060 కొనుక్కున్నాడు. వాడి వాదన ఒక్కటే.

"అత్తా, నాది 15 టెరాఫ్లాప్స్. నువ్వు అడుగుతున్నది 12. పైగా రెండేళ్లు పాతది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?"

వాడు ఫోన్‌లో చూపించిన పట్టికలో ఆ అంకె అందరికీ కనపడేలా పైనే ఉంది. నేను డిగ్రీ చదివింది లెక్కలతో. అంకె కనపడితే అది ఎలా వచ్చిందో చూడకుండా నమ్మలేను. టెరాఫ్లాప్స్ అంటే కార్డు సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో చెప్పే కొలత. చూస్తే ఇది చాలా చిన్న లెక్క. కార్డులో ఉన్న కోర్ల సంఖ్యని రెండుతో గుణించి, దాన్ని క్లాక్ స్పీడ్‌తో గుణించాలి. రెండు ఎందుకంటే ఒక కోర్ ఒక్క క్లాక్‌లో ఒక గుణకారం, ఒక కూడిక కలిపి చేసేస్తుంది, అంటే రెండు పనులు. 3060లో 3584 కోర్లు, బూస్ట్ క్లాక్ 1.777 గిగాహెర్ట్జ్. 3584 × 2 × 1.777 వేస్తే దాదాపు 12,740 గిగాఫ్లాప్స్, అంటే 12.74 టెరాఫ్లాప్స్. 4060లో కోర్లు తగ్గి 3072 అయ్యాయి, క్లాక్ 2.46కి పెరిగింది. లెక్క వేస్తే 15.11. మా పాత 1060కి 4.37.

మావాడు చూపించింది తప్పేమీ కాదు. 4060ది దాదాపు 19 శాతం ఎక్కువే. కానీ అది ప్రతి కోర్‌కీ ప్రతి క్లాక్‌లోనూ పని దొరికితే వచ్చే అంకె. పది పొయ్యిలున్న వంటశాలలో గంటకి ఎన్ని కేజీల అన్నం వండొచ్చో లెక్క కట్టినట్టు. పొయ్యిలు ఎన్ని ఉన్నా, బియ్యం కడిగి తెచ్చే మనిషి ఒక్కడే అయితే సగం పొయ్యిలు ఖాళీగా మండుతుంటాయి.

తరం మారితే ఈ అంకె ఎంత దారి తప్పిస్తుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2018లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 2080 టీఐ 13.45 టెరాఫ్లాప్స్. 2020లో వచ్చిన 3070 అయితే 20.31. అంకెల ప్రకారం సగానికి సగం ఎక్కువ ఉండాలి. ఆటల్లో రెండూ ఇంచుమించు పక్కపక్కనే నడిచాయి. కారణం ఏమిటంటే, 3000 సిరీస్ నుంచి ఈ చిప్‌ల కంపెనీ ఎన్విడియా ఒక మార్పు చేసింది. అంతకుముందు పూర్ణాంకాల లెక్కలకే కేటాయించిన భాగం ఇప్పుడు దశాంశాల లెక్కలు కూడా చేస్తుంది. దాంతో కోర్ల సంఖ్య రెట్టింపుగా చెప్పుకునే వీలు వచ్చింది. కానీ పూర్ణాంకాల పని వచ్చినప్పుడల్లా ఆ భాగం అటు వెళ్లిపోతుంది. పోటీ కంపెనీ ఏఎండీ వైపు చూస్తే ఆర్ఎక్స్ 7600 కాగితం మీద 21.75 టెరాఫ్లాప్స్. మామూలు పద్ధతిలో 2048 × 2 × 2.655 వేస్తే 10.87 మాత్రమే వస్తుంది. ఒకే క్లాక్‌లో రెండు ఆదేశాలు కలిపి పంపగలదు కాబట్టి దాన్ని రెట్టింపు చేసి చెబుతారు. ఆ జత కుదిరే సందర్భాలు తక్కువ. ఆటల్లో అది 15 టెరాఫ్లాప్స్ 4060 దగ్గర్లోనే ఉంటుంది. కాబట్టి టెరాఫ్లాప్స్‌ని ఒకే తరం, ఒకే కంపెనీ కార్డుల మధ్య పోల్చుకోవడానికి వాడండి. అది దాటితే నేను ఆ గడి వైపు చూడను.

నేను ఎక్కువసేపు చూసింది మెమరీ గడులు. మెమరీ వేగం కూడా చేత్తో వేసుకోగలిగే లెక్కే. బస్ (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి) ఎన్ని బిట్లో, ఒక్కో బిట్ దారిలో సెకనుకి ఎన్ని గిగాబిట్లు వెళ్తాయో గుణించి ఎనిమిదితో భాగించాలి. 3060కి బస్ 192 బిట్లు, వేగం 15. అంటే సెకనుకి 360 జీబీ. 4060కి 128 బిట్లు, వేగం 17. అంటే 272 జీబీ. కొత్త కార్డుకి నాలుగో వంతు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి 4060 చిప్ లోపలే 24 ఎంబీ ఎల్2 క్యాష్ (చిన్నదైనా చాలా వేగంగా అందే మెమరీ) పెట్టారు. 3060లో అది 3 ఎంబీ. ఆటల్లో అదే టెక్స్చర్లు, అదే లెక్కలు మళ్లీ మళ్లీ వాడుకుంటారు కాబట్టి పెద్ద క్యాష్ నిజంగానే పనికొస్తుంది. బయట మెమరీ దాకా వెళ్లే అవసరం తగ్గుతుంది.

నా పని వేరు. ఒక 4కే ఫ్రేమ్‌లో 3840 × 2160, అంటే 82,94,400 చుక్కలు. రిజాల్వ్ లోపల ప్రతి చుక్కనీ 32 బిట్ల దశాంశ సంఖ్యలుగా నాలుగు ఛానెళ్లలో ఉంచుకుంటే చుక్కకి 16 బైట్లు. ఒక్క ఫ్రేమ్ దాదాపు 133 ఎంబీ. అది 3 ఎంబీ క్యాష్‌లోనూ పట్టదు, 24 ఎంబీ క్యాష్‌లోనూ పట్టదు. నాయిస్ తీసేటప్పుడు ముందు రెండు, వెనక రెండు ఫ్రేములు కూడా చూసి పోల్చమంటే అయిదు ఫ్రేములు, 660 ఎంబీ పైచిలుకు. అదీ ఒక్క దశకి. దాని మీద రంగుల దశలు, దాని మీద పేర్లు మెరిసే టైటిల్, దాని కింద ఇంకో లేయర్. ఈ లెక్క నోట్‌బుక్‌లో వేసుకున్నాక నాకు 12 జీబీ అన్న అంకె తప్ప మిగతావన్నీ చిన్నగా కనపడ్డాయి.

అయినా లెక్కతో వదిలేయలేదు. మావాడి 4060ని రెండు రోజులు అడిగి తెచ్చుకున్నాను. 3060 కొన్నాక రెండిటినీ అదే సిస్టమ్‌లో, అదే ప్రాజెక్టుతో నడిపాను. కోదాడ వైపు ఒక పెళ్లి అది. ఫంక్షన్ హాల్లో వెనక గులాబీ రంగు ఎల్ఈడీ గోడ, ముందు హోమం పొగ, పైన లైట్లు సగమే వెలుగుతున్నాయి. కెమెరా ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే సెట్టింగ్) పెంచక తప్పలేదు. పెళ్లికూతురు మొహం మీద, ముఖ్యంగా చెవి పక్కన నీడలో, రంగు రంగుల ఇసుక చల్లినట్టు నాయిస్.

నాయిస్ తీయకుండా, రంగులు మాత్రం సరిచేసి నాలుగు నిమిషాల హైలైట్స్ బయటికి తీస్తే 4060 కొద్దిగా ముందే ముగించింది. అక్కడ మావాడి మాట నిలబడింది. తర్వాత తలంబ్రాల షాట్ తీసుకున్నాను. స్లో మోషన్‌లో గింజలు కొబ్బరిచిప్పలోంచి జారి, పెళ్లికొడుకు తలపాగా మీద పడి చెదురుతాయి. ఇలాంటి షాట్‌లో నాయిస్ తీయడం కష్టం. పక్క ఫ్రేములతో పోల్చేటప్పుడు కదిలే బియ్యపు గింజని కూడా నాయిస్ అనుకుని సాఫ్ట్‌వేర్ చెరిపేస్తుంది, గింజ స్థానంలో తెల్లటి మరక మిగులుతుంది. అలా కాకుండా ఉండాలంటే కదలికని ఎక్కువ నాణ్యతతో అంచనా వేయమని చెప్పాలి, గింజలున్న చోటుకి ఒక మాస్క్, మొహానికి ఇంకో మాస్క్ కట్టాలి. అన్నీ పెట్టాక 3060లో మెమరీ వాడకం తొమ్మిది జీబీ దాటింది. పని మెల్లగానే, కానీ ఆగకుండా సాగింది. అదే ప్రాజెక్టు 4060 మీద తెరిస్తే ఒకసారి పాత మెసేజే వచ్చింది. ఇంకోసారి మెసేజ్ రాలేదు గానీ, టాస్క్ మేనేజర్‌లో షేర్డ్ జీపీయూ మెమరీ గీత పైకి లేవడం, ఆ క్షణం నుంచే రెండర్ పాకడం కళ్లారా చూశాను.

అలా పాకడానికి కారణం కూడా స్పెసిఫికేషన్లలోనే ఉంది, కాకపోతే ఎవరూ చదవని గడిలో. కార్డు మెమరీ నిండితే మిగిలింది కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. మధ్యలో దారి పీసీఐ స్లాట్. 3060కి ఆ దారి 16 లేన్లు, 4060కి 8 లేన్లే. నాలుగో తరం పీసీఐ ఉన్న బోర్డు మీద ఎనిమిది లేన్లంటే సెకనుకి సుమారు 16 జీబీ. మా రెండో సిస్టమ్ ఐ5-9400ఎఫ్, దానిది మూడో తరం పీసీఐ బోర్డు. అందులో 4060 పెడితే 8 జీబీకి పడిపోతుంది, 3060కి 16 దొరుకుతుంది. కార్డు లోపల 272 జీబీ వేగంతో పారుతున్నది బయటికి రాగానే ఎనిమిదికి దిగితే ఎలా ఉంటుంది? పాలేరు రిజర్వాయర్ నీళ్లని పొలం పిల్లకాలువ తూములోంచి వదిలినట్టు. పాత బోర్డు ఉన్నవాళ్లు, ముఖ్యంగా కార్డు ఒక్కటే మార్చి ఇంకో రెండేళ్లు లాగుదామనుకునేవాళ్లు, ఈ గడి తప్పకుండా చూడండి.

ఇక 4060 గొప్పదనం ఎక్కడుందో అది కూడా చెప్పాలి. కరెంటు. 3060 సామ్‌సంగ్ 8 నానోమీటర్ పద్ధతిలో చేసింది, 170 వాట్లు. 4060 తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 4ఎన్ పద్ధతిలో చేసింది, 115 వాట్లు. వాట్‌కి ఎంత పని అని భాగిస్తే 3060కి 75 గిగాఫ్లాప్స్, 4060కి 131. గోడ సాకెట్‌కి మీటర్ పెట్టి చూస్తే రెండర్ నడిచేటప్పుడు దాదాపు 50 వాట్ల తేడా కనపడింది. రోజుకి ఎనిమిది గంటలు పూర్తి లోడ్ మీద నడిచిందనుకుంటే అర యూనిట్ కూడా కాదు, బిల్లుకి పెద్ద లెక్క కాదు. కానీ ఖమ్మం మే నెల సంగతి తెలిసినవాళ్లకి ఆ వేడి లెక్కే. ఏసీ లేని గదిలో 170 వాట్ల కార్డు పక్కన కూర్చోవడం చిన్న హీటర్ పక్కన కూర్చోవడమే. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఎన్ని నిమిషాలు ఆగుతుందన్నదీ దీని మీదే ఉంటుంది. 4060 చల్లగా, నిశ్శబ్దంగా పనిచేసింది. తిరిగి ఇచ్చేసేటప్పుడు ఆ నిశ్శబ్దం ఒక్కటీ ఉంచుకోవాలనిపించింది.

ఇంకోటి, 4060 ఏవీ1 ఫార్మాట్‌లో వీడియో తయారు చేయగలదు. 3060 దాన్ని చదవగలదు కానీ తయారు చేయలేదు. అమెరికాలో ఉన్న బంధువుల కోసం పెళ్లి లైవ్ పెట్టించుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది. ఫంక్షన్ హాల్లో సిగ్నల్ అంతంతమాత్రం ఉన్నచోట, అదే డేటాకి ఏవీ1లో బొమ్మ ఇంకాస్త శుభ్రంగా వెళ్తుంది. లైవ్ మీదే ఎక్కువ ఆధారపడేవాళ్లయితే ఇది ఆలోచించాల్సిన విషయం. గేమ్స్ ఆడే పిల్లలకైతే నేను నిస్సందేహంగా 4060యే చెబుతాను. ఆటలో మధ్య మధ్య ఫ్రేములు తానే పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ అనే సౌకర్యం 3060కి లేదు, మావాడి మానిటర్ 1080పీ, వాడికి 8 జీబీ సరిపోతోంది.

పట్టికల్లో ఎక్కడా కనపడని విషయం ఒకటుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. మా సోనీ ఏ7 మార్క్ 4 కెమెరాతో, రంగుల వివరం ఎక్కువగా ఉంచే 10 బిట్, 4:2:2లో తీస్తాం, హెచ్.265 ఫైళ్లు. రంగులు దిద్దుకోవడానికి అది చాలా బాగుంటుంది. కొత్త కార్డు పెట్టిన మొదటి రోజు టైమ్‌లైన్ ప్లే చేస్తే పాత 1060 మీద తడబడినట్టే తడబడింది. ఇంత డబ్బు పోసి కొన్నది పాడైందేమోనని భయపడ్డాను. కార్డులో ఏ లోపమూ లేదు. 1060 గానీ, 3060 గానీ, 4060 గానీ 4:2:2 ఫైళ్లని హార్డ్‌వేర్‌లో విప్పలేవు. 15 టెరాఫ్లాప్స్ ఉన్నా, 50 ఉన్నా ఆ తరాల్లో ఆ తలుపు లేదు. ఆ పని చేసేది మా ఐ5-12400లో ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్. కార్డు తగిలించగానే బోర్డు దాన్ని ఆపేసి ఉంచింది. బయోస్‌ (బోర్డు సెట్టింగుల తెర) లోకి వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్నది ఆన్ చేసి, రిజాల్వ్ స్టూడియో ప్రిఫరెన్సుల్లో డీకోడ్ పని ఇంటెల్‌కి అప్పగించాను. అదే టైమ్‌లైన్ నీళ్లలా కదిలింది. 2022లో ప్రాసెసర్ కొనేటప్పుడు 12400ఎఫ్ కొంచెం తక్కువకి వస్తుంది మేడం, కార్డు ఉంది కదా అన్నారు షాపువాళ్లు. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేనిది. ఆ రోజు అది తీసుకోకపోవడం ఎంత మంచిదైందో రెండేళ్ల తర్వాత తెలిసింది. ఎడిటింగ్ కోసం సిస్టమ్ కట్టించుకునేవాళ్లు ఎఫ్ అక్షరం దగ్గర కాస్త ఆగండి.

కొనడం కూడా సాఫీగా జరగలేదు. ముందు ఒక షాపుకి ఫోన్ చేస్తే 3060కి అందరికంటే తక్కువ కోట్ పంపారు. డబ్బులు కట్టే ముందు బాక్స్ చేతిలోకి తీసుకుని చూశాను. పెద్ద అక్షరాల్లో 3060 అనే ఉంది. మూల మీద చిన్నగా 8జీబీ అని ఉంది. అదే పేరుతో తర్వాత వచ్చిన ఇంకో కార్డు అది. కోర్లు అవే 3584, క్లాక్ అదే, టెరాఫ్లాప్స్ అవే. బస్ మాత్రం 128 బిట్లు, మెమరీ వేగం 360 నుంచి 240కి తగ్గిపోయింది. మా వాడి పట్టికలో టెరాఫ్లాప్స్ గడి చూస్తే రెండూ ఒకటే. అడిగితే, "అన్నీ ఒకటే మేడం, పేరు అదే కదా" అన్నారు. నాకు నిజంగా బాధేసింది. పది పెళ్లిళ్ల పని దాని మీద ఆధారపడి ఉందని వాళ్లకి తెలియదు, నిజమే. కానీ తెలియనిదాన్ని ఒకటే అని చెప్పకూడదు. బాక్స్ అక్కడే పెట్టేసి వచ్చాను. ఇలాంటి పేర్లు ఇదివరకూ ఉన్నాయి. జీటీఎక్స్ 1060 కూడా 3జీబీ, 6జీబీ అని రెండు రకాలు వచ్చింది. తేడా మెమరీ ఒక్కటే అనిపిస్తుంది కానీ 3జీబీ దాంట్లో కోర్లు 1152, 6జీబీ దాంట్లో 1280.

తర్వాతి వారం పొద్దున శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాం. పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రెండు మూడు షాపులు తిరిగి 12జీబీ, 192 బిట్ దొరికినచోట తీసుకున్నాం. బిల్లు మీద 12జీబీ అని రాయించాను, 18 శాతం జీఎస్టీకి మా స్టూడియో నంబర్ వేయించాను. సాయంత్రం అదే బండికి తిరిగి వచ్చేశాం. కార్డు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

ఏడాది దాటింది. ఎక్కడా ఆగలేదు. మా కార్డు పనిచేసేటప్పుడు క్లాక్ కాగితం మీద చెప్పిన 1.777 దగ్గర ఉండదు, 1.9 దగ్గర తిరుగుతుంటుంది. అలా చూస్తే దాని టెరాఫ్లాప్స్ 13.6. ఎండాకాలం మధ్యాహ్నాలు అది కొంచెం తగ్గుతుంది, ఫ్యాన్ చప్పుడు పెరుగుతుంది. మే నెలలో పక్క ప్యానెల్ తీసి, టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టుకున్నాను. ఆ కోదాడ పెళ్లి తలంబ్రాల షాట్ పూర్తయ్యాక అమ్మాయి వాళ్లమ్మగారు వచ్చి స్టూడియోలోనే చూశారు. గింజ గింజా విడిగా కనపడింది. ఆవిడ ఆ చోటే మూడుసార్లు వెనక్కి తిప్పించుకున్నారు.

ఇప్పుడు రెండో సిస్టమ్ వంతు వచ్చింది. 2025లో వచ్చిన 5000 సిరీస్‌లో 4:2:2 విప్పే సౌకర్యం కార్డులోనే పెట్టారు. మా 9400ఎఫ్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ లేదు కాబట్టి నాకు అది పెద్ద విషయం. 5060 చూస్తే మెమరీ వేగం 448 జీబీకి పెరిగింది, 3840 కోర్లతో టెరాఫ్లాప్స్ 19 దాటాయి, మెమరీ మాత్రం మళ్లీ 8 జీబీయే. 5060 టీఐలో 16 జీబీ ఉంది, ఎనిమిది లేన్లే అయినా అంత మెమరీ ఉంటే ర్యామ్ దాకా పోయే అవసరం నాకు రాదు. అయితే 5060 టీఐ కూడా అదే పేరుతో 8జీబీ, 16జీబీ రెండు రకాలూ వస్తుంది. మొన్న ఒక షాపు కోట్ పంపింది. అందులో 5060 టీఐ అని, ధర అని ఉంది, అంతే. మెమరీ ఎంతో రాసి మళ్లీ పంపమన్నాను. ఇంకా రాలేదు.